పరపతికి అంకె చాలునా?

పరపతి యను మాటకు మన వాడుకలో రెండర్థములు గలవు. నలుగురిలో మాట చెల్లుట యొకటి. చేతిలో సొమ్ము లేకున్నను నమ్మకముమీద సరకు గాని రొక్కము గాని పుట్టుట రెండవది. ఈ రెండర్థములు నొక్క మాటలో నిముడుటకు కారణము లేకపోలేదు. మాట చెల్లువానికే అప్పు పుట్టునని మన పెద్దలకు తెలియును. సహకార సంఘములు వెలసినప్పుడు వానిని 'పరపతి సంఘము' లని పిలుచుటలో ఆ తెలివియే యున్నది. నేడీ పరపతి మూడంకెల సంఖ్యగా మారినది. గృహఋణమునకు బ్యాంకునకు పోయినను, వాయిదాలమీద మోటారు సైకిలు కొనబోయినను, గుమాస్తా ముందుగా చూచునది ఎదుటనున్న మనుష్యుని కాదు. యంత్రపు తెరమీద కనబడు సిబిల్ స్కోరును. ఆ యంకెను చూచి యతడు తల యూపును, లేదా పెదవి విరుచును.

ఈ సంఖ్యను గూర్చి లోకమున రెండభిప్రాయములు వినవచ్చుచున్నవి. సంఖ్య చెడినవాని బ్రతుకే చెడినదనియు, అప్పిచ్చువారికి దానికంటె ప్రమాణము లేదనియు కొంద రందురు. ఇది వట్టి యాడంబరమనియు, ఇయ్యదలచినవారికి ఎట్లైన నిత్తురనియు, ఇయ్యదలపనివారికి చెప్పు సాకు మాత్రమే స్కోరనియు మరికొంద రందురు. ఈ రెంటిలో ఏది నిజము? నిజముగా అప్పిచ్చువాడు ఈ యంకెను లెక్కచేయునా? చేసినచో దేనికొరకు చేయును? అట్లు చేయుట ఎంతవరకు న్యాయము? ఈ మూడు ప్రశ్నలును వేర్వేరు. వీనిని కలగాపులగము చేయుటవలననే మన వాదములు తెగకున్నవి. కావున ఒక్కొక్కదానినే విచారింతము.

మొదట ఈ పద్ధతి పుట్టుక నెరుగవలెను. 1837లో అమెరికాలో వర్తకము కుప్పకూలినప్పుడు లూయీ టప్పన్ అను పట్టువస్త్రముల వర్తకుడు అరువులిచ్చి నష్టపడెను. దూరపు టూళ్లలోని కొనుగోలుదారులలో ఎవడు నమ్మదగినవాడో తెలియకపోవుటయే నష్టమునకు మూలమని యాతడు గ్రహించి, 1841లో న్యూయార్కునందు వర్తకుల పరపతిని గూర్చి సమాచారము సేకరించి యమ్ము సంస్థ నొకదానిని స్థాపించెను. బానిసత్వమును నిర్మూలింపవలెనని పాటుపడినవాడును ఇతడే. ఆ కాలపు నివేదికలలో అంకెలు లేవు; ఫలానావాడు త్రాగుబోతా, పొదుపరియా, మాట తప్పునా యను వర్ణనలుండెడివి. 1956లో ఫెయిర్, ఐజాక్ అను నిద్దరు గణితమునుబట్టి ఋణగ్రహీతలను అంచనా వేయు కంపెనీని పెట్టిరి. ఆ కంపెనీ 1989లో వెలువరించిన స్కోరు 300 మొదలు 850 వరకు నుండును. మన దేశమున సిబిల్ సంస్థ 2000లో ఏర్పడెను. 2005లో పార్లమెంటు ఇందుకై ప్రత్యేక చట్టము చేసెను. నేడు రిజర్వు బ్యాంకు అనుమతితో ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు ఈ పని చేయుచున్నవి.

మనదేశమున ఈ సంఖ్య 300 మొదలు 900 వరకు నుండును. 750 దాటినచో మేలని బ్యాంకులవా రెంచుదురు. దీనిలో చేరునవి యేవి? పూర్వపు అప్పుల వాయిదాలు గడువునాటికి చెల్లినవా లేదా, క్రెడిట్ కార్డు పరిమితిలో ఎంతభాగము వాడుకొనెను, అప్పుల పాతదన మెంత, తాకట్టున్న వెన్ని లేని వెన్ని, క్రొత్తగా ఎందరి నడిగెను అను విషయములు. చేరని వేవి? నెలజీతము చేరదు. ఇంటి బీరువాలోని బంగారము చేరదు. ఇరువదియేండ్లు పచారీకొట్టు ఖాతాను నెలనెలా తీర్చిన చరిత్ర చేరదు. ఊరిలో చీటీపాట పాడుకొని చివరి వాయిదావరకు తప్పక కట్టిన నిజాయితీ చేరదు. మతమును కులమును కూడ చేరవు. ఈ కడపటి మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను, దానితో మనకు మరల పని యున్నది.

ఇక మొదటి ప్రశ్న. అప్పిచ్చువాడు దీనిని లెక్కచేయునా? చేయును, కాని అన్నిచోట్ల నొక్కతీరున చేయడు. తాకట్టులేని వ్యక్తిగత ఋణమునందును, క్రెడిట్ కార్డునందును ఈ సంఖ్యయే ద్వారపాలకుడు. ఇన్నింటికంటె తక్కువైన దరఖాస్తులను మనుష్యుడు చూడకుండ యంత్రమే త్రోసివేయు నేర్పాట్లు పెక్కుచోట్ల గలవు. గృహఋణములో సంఖ్య తక్కువైనను ఋణము దొరకవచ్చును గాని వడ్డీ పెరుగును. ఆ పెరుగుదలను తేలికగా తీసివేయరాదు. 30 లక్షల రూపాయలను 20 ఏండ్ల గడువునకు నూటికి ఎనిమిదిన్నర వడ్డీకి తీసికొన్నవాడు నెలకు సుమారు 26,035 రూపాయలు కట్టును. అదే యప్పును తొమ్మిదిన్నర వడ్డీకి తీసికొన్నవాడు సుమారు 27,964 రూపాయలు కట్టును. గడువు ముగియునప్పటికి రెండవవాడు మొదటివానికంటె నాలుగు లక్షల అరువదివేలకు పైగా నెక్కువ చెల్లించియుండును. ఒక సామాన్య కుటుంబమున ఇది యొక బిడ్డ చదువునకు చాలు సొమ్ము. కాబట్టి స్కోరు వట్టి యాడంబర మనువారి మాట నిలువదు.

అయినను అంకెయే సర్వమనువారి మాటయు నిలువదు. బంగారు నగ తాకట్టు పెట్టువానిని చూడుడు. వాని స్కోరుకంటె నగ తూకమును, మచ్చును ముఖ్యములు. రెండున్నర లక్షల రూపాయలకు లోబడిన బంగారు ఋణములకు ఋణగ్రహీత స్తోమతను గూర్చి వివరమైన విచారణ అక్కరలేనట్లు 2025లో రిజర్వు బ్యాంకు చేసిన నిబంధనలే యున్నవి. ప్రభుత్వోద్యోగి జీతము ఏ బ్యాంకులో పడునో ఆ బ్యాంకు వాని సంఖ్య కొంచెము తగ్గినను చూచిచూడనట్లు పోవును; ఏలయన వాయిదా జీతమునుండియే విరుగగలదు. దీనినిబట్టి యొక సూత్రము తేలుచున్నది. అప్పిచ్చువాని చేతిలో పట్టు ఎంత యెక్కువగా నుండునో, అంకెతో వానికి పని యంత తక్కువ. తాకట్టు లేక, పరిచయము లేక, జీతముమీద అధికారము లేక, చీకటిలో చేయి చాచవలసి వచ్చినచోటనే వాడు అంకెను పట్టుకొనును. అనగా ఈ సంఖ్య ఎరుకకు ప్రతినిధి. మనుష్యుని నెరుగనివాడు, ఎరుగుటకు తీరికలేనివాడు, ఆ లోటును పూరించుకొనుటకు కొనుక్కొను వస్తువు.

రెండవ ప్రశ్నకు వచ్చునప్పుడు పాతకాలమును తలచి నిట్టూర్చువారికి ఒక మాట చెప్పవలసి యున్నది. పూర్వము ఊరి షావుకారు మనిషిని ఎరిగి యిచ్చెననియు, నేడు యంత్రము ఎరుగక నిరాకరించుచున్నదనియు వారందురు. షావుకారు ఎరుగుట నిజమే. కాని యేమి యెరిగెను? వీడు ఏ కులమువాడో, ఎవరి పాలేరో, ఎదురు చెప్పునో చెప్పడో యెరిగెను. ఆ యెరుకతోనే ఒకనికి నూటికి రూపాయి వడ్డీకిని, మరియొకనికి ప్రోనోటుమీద వ్రేలిముద్ర వేయించుకొని మూడురూపాయల వడ్డీకిని ఇచ్చెను. ఒంటరి స్త్రీకి గౌరవముగా అప్పు పుట్టుటయే యరుదు. అమెరికాలోనైనను స్త్రీ యగుటచేతనో, నల్లజాతివా డగుటచేతనో అప్పు నిరాకరింపరాదని చట్టము చేయుటకు 1970వ దశకమువరకు పట్టెను. అట్టిచోట కులమడుగని, లింగమడుగని సంఖ్య యొకటి వచ్చుట సంస్కారప్రియులు సంతోషింపదగిన విషయమే. మాలపల్లెనుండి వచ్చిన యువకుడును, అగ్రహారమునుండి వచ్చిన యువకుడును వాయిదాలు సమానముగా కట్టినచో సమానమైన సంఖ్యనే పొందుదురు. ఈ మేలును మరచి స్కోరును దూషించువారు, తెలిసియో తెలియకయో, షావుకారు అరుగునే మరల కోరుచున్నారు.

ఈ రెండు మార్గములకు నడుమ మూడవది యొకటి లేకపోలేదు. జర్మనీ దేశమున రైఫైజెన్ అనునతడు పందొమ్మిదవ శతాబ్దిలో స్థాపించిన గ్రామ పరపతి సంఘములలో, ఒక సభ్యుని బాకీకి తక్కిన సభ్యులందరును బాధ్యులు. ఇరుగుపొరుగువారే ఒకరిశీలము నొకరు ఎరిగి, అప్పు దేనికని యడిగి, చెల్లించునట్లు చూచుచుండెడివారు. చెన్నపట్టణపు ప్రభుత్వోద్యోగియైన ఫ్రెడరిక్ నికల్సన్ ఆ పద్ధతిని మన దేశమునకు సిఫారసు చేయుచు 1895లో నివేదిక వ్రాసెను. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. 1992లో నాబార్డు మొదలిడిన స్వయంసహాయక బృందముల బ్యాంకు అనుసంధానమును ఈ త్రోవలోనిదే. సెంటు భూమిలేని స్త్రీలు పదిమంది కూడి పొదుపు చేసి, ఒకరి పూచీ నొకరు వహించి, బ్యాంకు గడప త్రొక్కిరి. తెలుగునాట ఆ యుద్యమము వ్రేళ్లూనినంతగా దేశమున చాల రాష్ట్రములలో వ్రేళ్లూనలేదు. అక్కడ పరపతి యనగా అంకె కాదు, తోటివారి సాక్ష్యము.

అయితే సంఖ్య లేని లోకముకూడ ఎంత కీడు చేయగలదో తెలుగువారికి 2010లో అనుభవమైనది. సూక్ష్మఋణ సంస్థలు పెక్కు పోటీపడి పల్లెలలో స్త్రీలకు అప్పులిచ్చెను. ఈమెకు ఇదివరకే ఎన్ని చోట్ల బాకీ యున్నదో తెలిసికొను సాధనము వారికి లేదు. ఉన్నను తెలిసికొన గోరినవారు కొద్దిమంది. ఒకరి వాయిదా తీర్చుటకు మరియొకరివద్ద అప్పుచేసి, వారపు వసూళ్ల ఒత్తిడికి తాళలేక ప్రాణములు విడిచినవారిని గూర్చి ఆనాటి పత్రికలలో వార్తలు వచ్చెను. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి, పిమ్మట దానిని చట్టము చేసెను. వసూళ్లు స్తంభించెను. మాలేగాం సంఘము 2011లో నివేదిక సమర్పించినపిదప, ఈ సంస్థలు ఋణసమాచార సంస్థలలో చేరవలెననియు, ఒక్క స్త్రీకి రెంటికి మించిన సంస్థలు అప్పీయరాదనియు రిజర్వు బ్యాంకు విధించెను. అప్పుల చిట్టా ముందే యుండినచో ఆ స్త్రీలలో కొందరు ఊబిలో దిగియుండెడివారు కారు. లెక్క యనునది ఒక్కొక్కప్పుడు ఋణగ్రహీతనే కాపాడునని ఇందువలన తేలుచున్నది.

ఇంతవరకు సంఖ్యకు చెందవలసిన గౌరవమును చెల్లించితిమి. ఇక మూడవ ప్రశ్న, ఇదియే ధర్మప్రశ్న. ఈ సంఖ్య కొలుచునది దేనిని? గడువునాటికి సొమ్ము చేరినదా లేదా యను నొక్క విషయమును. చేరకపోవుటకు కారణ మేమని యది యడుగదు. భార్య మందులకు వాయిదా సొమ్ము ఖర్చుపెట్టినవానిని, పేకాటలో పోగొట్టుకొన్నవానిని అది యొక్కచోటనే కూర్చుండబెట్టును. చెల్లింపలేకపోవుట వేరు, చెల్లింపకపోవుట వేరు. ఈ భేదము తెలియని న్యాయస్థానమును మనము న్యాయస్థాన మనము. గణితశాస్త్రజ్ఞులు దీనికి సమాధానము చెప్పుదురు: "మేము శీలమును తూచుటలేదు. ఇట్టి చరిత్రగలవారు నూరుమందిలో ఎందరు మున్ముందు బాకీపడుదురో యంచనా వేయుచున్నాము, అంతే." ఈ సమాధానము నిజమైనది. కాని లోక మా మాటను అట్లు వినదు. నూరుమందిని గూర్చిన యంచనా ఒక్కని నుదుట వ్రాతయై కూర్చుండును. "వాని సిబిల్ బాగులేదు" అను మాట "వాడు మంచివాడు కాడు" అను నర్థమున వాడుకలోనికి వచ్చినది.

కారణమును చూడవలెనని యనుటకు మనకు ఆధారము బ్యాంకుల నిబంధనలలోనే కలదు. 2020 మార్చిలో కరోనా వ్యాధి దేశమును మూసివేసినప్పుడు రిజర్వు బ్యాంకు వాయిదాలకు వ్యవధి యిచ్చుచు, ఆ వ్యవధిని ఉపయోగించుకొన్నవారి ఋణచరిత్రకు దానివలన మచ్చ రాకూడదని విధించెను. ఆగస్టు వరకు ఆ యేర్పాటు సాగెను. దాని యర్థ మేమి? చెల్లింపకపోవుట ఎల్లప్పుడును దోషము కాదని పాలకులే యొప్పుకొనిరన్నమాట. దేశమంతటికి వచ్చిన యాపదను ఒప్పుకొన్నప్పుడు, ఒక్క యింటికి వచ్చిన యాపదను ఒప్పుకొనకుండుట కేమి కారణము? వందకోట్లమందికి పైగా నొక్కమారు కష్టపడినచో అది విపత్తు. ఒక్క కౌలురైతు పైరు తుపానులో పోయినచో అది వాని అలక్ష్యమా? కష్టము ఎందరిదో చూచి తీర్పు మార్చుట న్యాయము కాదు. ఒంటరిగా కష్టపడువానికే యోదార్పు ఎక్కువ కావలసి యుండును.

మరియొక నిదర్శనము. పాతిక లక్షలకు తక్కువకాని బాకీలు గలవారిలో, చెల్లించు శక్తి యుండియు చెల్లింపనివారిని, అప్పు తెచ్చిన సొమ్మును దారి మళ్లించినవారిని రిజర్వు బ్యాంకు 'బుద్ధిపూర్వక ఎగవేతదారు'లని వేరుచేసినది. ఆ పేరు పెట్టుటకు ముందు నోటీసు ఇయ్యవలెను, వారి జవాబు వినవలెను, సంఘము విచారింపవలెను. ఇది సరియైన పద్ధతియే. అంతటి నింద వేయుటకు ముందు అంతటి విచారణ యుండవలసినదే. కాని దీనివలన తేలునది యేమనగా, పెద్ద బాకీదారుని విషయమున బుద్ధిని, శక్తిని వేరుగా చూచుట సాధ్యమే యని బ్యాంకులకు తెలియును. చిన్న బాకీదారుని విషయమున ఆ శ్రమ ఖర్చునకు తగదని మానుకొనుచున్నవి. వాని మూడువేల రూపాయల వాయిదా తప్పినప్పుడు కారణ మడుగు సంఘము లేదు. ఆ తప్పు మాత్రము చిట్టాలో కనీసము ఏడేండ్లు నిలుచును. బీదవాని నిజాయితీని విచారించుటకు అగు ఖర్చు, ఆ విచారణవలన వచ్చు లాభమునకు మించునని వ్యాపారి యనవచ్చును. వ్యాపారమునకు అది లెక్కయే. ధర్మమునకు లెక్క కాదు.

చిట్టాయే తప్పైనచో నేమగును? అమెరికా వర్తక సంఘము వెలువరించిన 2012 నాటి పరిశోధనలో, అయిదుగురిలో ఒకని ఋణనివేదికలలో నొక్కదానియందైనను తప్పు దొరలినట్లు తేలెను. నూటికి అయిదుగురి విషయమున ఆ తప్పు వారిచేత ఎక్కువ వడ్డీ కట్టించునంతటి ఘనమైనది. మనదేశమున వ్యక్తుల స్కోరు బ్యాంకులకు 2007లోనే లభింపసాగెను. ఆ వ్యక్తులకు తమ స్కోరును చూచుకొను వీలు 2011లో గాని కలుగలేదు. తనమీది సాక్ష్యమును తానే చూడలేక ప్రజలు నాలుగేండ్లు తీర్పు పొందిరి. తరువాత కొంత మేలు జరిగినది. 2017 నుండి ప్రతి సంస్థయు ఏడాదికొకమారు నివేదికను ఉచితముగా ఇయ్యవలెను. తప్పును గూర్చిన ఫిర్యాదు 30 దినములలో తీరకున్నచో దినమునకు నూరు రూపాయల చొప్పున పరిహార మీయవలెనని 2023లో రిజర్వు బ్యాంకు విధించెను. ఈ హక్కు లున్నట్లు ఎరిగినవారు మన పల్లెలలో ఎందరు? హక్కు కాగితముమీద పుట్టినంతనే బ్రతుకులోనికి నడచి రాదు.

ఇంకొక వింత. జన్మమున అప్పు చేయనివానికి స్కోరే లేదు. ఉన్నంతలో బ్రతుకుట సద్గుణమని మనము పిల్లలకు నేర్పుదుము. ఆ సద్గుణమే బ్యాంకు గడపవద్ద అనామకత్వ మగుచున్నది. మొదటిమారు అప్పు కోరువారిని చరిత్ర లేదను నొక్క కారణముచేత త్రోసివేయరాదని రిజర్వు బ్యాంకు 2025 జనవరిలో చెప్పినది; ఆ సంగతినే ఆర్థికశాఖ సహాయమంత్రి ఆగస్టులో లోక్‌సభకు తెలిపెను. ఇట్లు చెప్పవలసి వచ్చుటయే లోకమున నేమి జరుగుచున్నదో తెలుపును.

ఒక పనికి చేసిన కొలబద్దను మరియొక పనికి వాడినప్పుడు అన్యాయము ఇబ్బడి యగును. 2023లో కేరళ హైకోర్టు, సిబిల్ స్కోరు తక్కువ యను నొక్క కారణముచే విద్యార్థికి విద్యాఋణము నిరాకరింపరాదని చెప్పెను. ఇది యుచితము, విద్యాఋణము నిన్నటి చరిత్రను చూచి యిచ్చునది కాదు, రేపటి సంపాదనను చూచి యిచ్చునది. 2025లో మద్రాసు హైకోర్టు ముందుకు వేరొక వ్యాజ్యము వచ్చెను. ఋణచరిత్ర బాగులేదని ఒక ప్రభుత్వరంగ బ్యాంకు తానిచ్చిన యుద్యోగపు నియామకమును రద్దుచేసెను. తన యప్పులన్నియు తీర్చితినని అభ్యర్థి వాదించినను కోర్టు బ్యాంకు పక్షమునే సమర్థించెను. ప్రజల సొమ్మును చేతబట్టువానికి ఆర్థిక క్రమశిక్షణ కావలెనను వాదమును నేను తేలికగా త్రోసిపుచ్చను. ఆ నిబంధన ముందే ప్రకటనలో నుండెను గూడ. అయినను ఒక ప్రశ్న మిగులును. బాకీపడినవానికి బాకీ తీర్చు మార్గము ఉద్యోగమే. బాకీపడినాడు గనుక ఉద్యోగ మీయమన్నచో, వాడు లేచు త్రోవ యేది? ఆలస్యముగా నైనను కష్టపడి తీర్చినవాడు, కష్టమే యెరుగక సకాలమున కట్టినవానికంటె శీలమున తక్కువవాడని చెప్పగలమా? అప్పు తీర్చినవానిని ఋణవిముక్తు డందుము. విముక్తుడైనవానిని ఇంకను బంధించి యుంచు చిట్టాకు ధర్మశాస్త్రమున ఏ పేరు పెట్టవలెను?

దీనికి బ్యాంకులవారి ప్రతివాద మొకటి కలదు. దానిని విని తీరవలెను. "మేము దానము చేయుటలేదు. మేమిచ్చునది డిపాజిటుదారుల సొమ్ము. పింఛనువచ్చు ముసలివాడు దాచుకొన్న డబ్బును, కారణములు చెప్పువానికెల్ల జాలిపడి యిచ్చినచో, రేపు ఆ ముసలివానికి ఎవరు జవాబు చెప్పుదురు?" అని వారందురు. ఈ మాటలో న్యాయము కలదు. కథలు చెప్పి యెగవేయువారు లేకపోలేదు. వారివలన పెరిగిన వడ్డీని సక్రమముగా కట్టువారే మోయుచున్నారు. కావున సంఖ్యను పారవేయుమని నేను కోరను. సంఖ్య విచారణకు మొదలు కావలెను గాని ముగింపు కారాదనియే నా మనవి. అంకె తక్కువగా నున్నప్పుడు "ఎందుచేత?" అని యడుగుట డిపాజిటుదారునికి ద్రోహము కాదు. పైగా నిజాయితీగల బాకీదారుని గుర్తించుట వానికి లాభమే. ఏలయన కష్టము తీరిన పిమ్మట అట్టివాడు తప్పక చెల్లించును.

కావున అప్పిచ్చువారి ధర్మము మూడు విధములు. నిరాకరించునప్పుడు కారణమును అప్పడిగినవానికి తెలిసిన భాషలో చెప్పుట ఒకటి. మన జిల్లాలలో అది తెలుగు కావలెను. ఆసుపత్రి కాగితమో, పంటనష్టపు ధ్రువపత్రమో చూపగలవానికి, ఆ కారణమును చిట్టాలో వాయిదా తప్పిన వరుసప్రక్కనే వ్రాయించుకొను వీలు కల్పించి, నిర్ణయించునప్పుడు దానిని చదువుట రెండవది. తీర్చివేసిన బాకీని తీరని బాకీతో సమానముగా తూచకుండుట మూడవది. ఇందు ఏదియు అసాధ్యము కాదు. పెద్దవారి విషయమున చేయుచున్న విచారణలో పదవవంతు చిన్నవారికి పంచిన చాలును.

ఋణగ్రహీతల ధర్మమును కలదు. ఏడాదికొకమారు తన నివేదికను తెప్పించి చదువుకొనుట నేడు ఆస్తి దస్తావేజును చూచుకొనుటవంటిది. మొగమాటమునకు మరియొకనికి హామీసంతకము చేయువాడు, వాని వాయిదా తప్పినచో తన సంఖ్యయు పడునని యెరిగి చేయవలెను. కష్టము వచ్చినప్పుడు బ్యాంకువారికి మొగము చాటుచేయక, వ్రాతమూలముగా తెలిపి గడువు కోరవలెను. 'సెటిల్‌మెంటు' పేర కొంత కట్టి చేతులు దులుపుకొన్నచో, ఆ మాట చిట్టాలో పూర్తిగా చెల్లించినట్లు కాక వేరుగా పడునని ముందే తెలిసికొనవలెను. వీనిని ఎరుగక నష్టపడువారిలో పెద్దభాగము చదువురానివారే గనుక, గ్రామగ్రంథాలయములును, మహిళాసంఘములును నెలకొకదినము కూర్చుండి నివేదికలు చదివి చెప్పు నేర్పాటు చేసినచో, అది నేటి యక్షరాస్యతలో నొక భాగ మగును.

మొదట అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చును. అప్పిచ్చువారు స్కోరును లెక్కచేయుదురు. మనుష్యుని ఎరుగనంతవరకు చేయుచునే యుందురు. అది కులమును చూడని మేలును, కారణమును చూడని కీడును ఒక్కచోటనే మోయుచున్నది. కులమును చూడని చూపును నిలుపుకొని, కారణమును చూచు చూపును దానికి చేర్చవలెను. రేపు ఏ బ్యాంకులోనో బల్లకు ఈవల నిలుచున్న రైతో, దర్జీయో, వితంతువో తన సంఖ్య తక్కువని విన్నప్పుడు, "అయ్యా, ఆ యేడు మా యింట నేమి జరిగినదో చెప్పెదను, వినుడు" అని యనగలుగవలెను. బల్లకు ఆవల నున్నవానికి దానిని వినుటకు అధికారమును, విన్నదానిని వ్రాయుటకు చోటును ఉండవలెను. ఈ రెండును చట్టముచేత సాధింపదగినవే. వానిని అడుగుట మన పని.